వద్దన్న కొమ్మ

నంద్యాల మిషను బోర్డింగు ఆవరణలో ఒక జామచెట్టు ఉండేది. దాని కాయలు చెట్టుమీదే పండేవి. అంతమంది ఆడపిల్లలు తిరిగే చోట జామకాయ పండేదాకా కొమ్మను పట్టుకుని ఉండడమంటే మాటలు కాదు. అదంతా వంటమ్మ హన్నమ్మ మహిమ.

వంటింటి కిటికీలో నుంచి ఆ చెట్టు బాగా కనబడేది. కొమ్మ కదిలిందంటే చాలు, హన్నమ్మ గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చేది. దొరికిన పిల్లను చెట్టుకిందే నిలబెట్టి ఎనిమిదో ఆజ్ఞ చెప్పించేది, ఒకసారి కాదు, గొంతు బొంగురుపోయేదాకా. ఆమెకు చదువు రాదు. ఆజ్ఞలు పదీ నోటికి వచ్చు గానీ దొంగతనం గురించిన ఆ ఒక్కదాని మీద తగని అభిమానం. మిగతావాటి సంగతి పాదిరిగారు చూసుకుంటారు, ఇది మాత్రం తన వంతు అన్నట్టు ఉండేది.

"అడిగితే ఇయ్యనా నేను?" అనేది పిల్లలతో. అడిగినా ఇచ్చేది కాదు. అది వేరే సంగతి.

ఆమె మొగుడు మోషే ఆళ్లగడ్డలో ఒక రైతు ఇంట బండి తోలేవాడు. ఆమె నంద్యాలలో, ఆయన ఆళ్లగడ్డలో. ఇద్దరికీ కలిపి ఒక కూతురు, ఎస్తేరు. బోర్డింగులోనే తల్లి దగ్గర పెరిగింది. కర్నూలు రాజధాని అయిన ఏడు, బడి సెలవులకు నాయన దగ్గరికి పోయి అక్కడ జ్వరం తగిలి పోయింది. కబురు బస్సు డ్రైవరు తెచ్చాడు. హన్నమ్మ ఆళ్లగడ్డ చేరేసరికి అంతా అయిపోయింది. ఎండకాలం, ఉంచలేకపోయారు. ఆమె బిడ్డ ముఖం చూడలేదు. చూసింది పచ్చి మట్టిదిబ్బ ఒక్కటే.

అందుకే ఆ దిబ్బ అంటే ఆమెకు ప్రాణం. ఎస్తేరు మీద ఉండాల్సినదంతా పోయి ఆ మట్టి మీద పడింది.

ఆళ్లగడ్డ సమాధుల తోట ఊరి చివర, చాగలమర్రి దోవ పక్కన ఉండేది. పేరుకే తోట. చుట్టూ ముళ్లకంప, లోపల నల్లరేగడి. ఎండకాలంలో కాలు దిగబడేంత నెర్రెలు, వానకాలంలో మోకాలి దాకా బురద. చోటు చాలా తక్కువ. గుంతలు తవ్వే ఓబులేసు ఒక మూల నుంచి వరసగా తవ్వుకుంటూ పోయి, ఆ చివర కంప తగలగానే మళ్లీ మొదటి మూలకు వచ్చేవాడు. అప్పటికి పాత దిబ్బలు వానలకు కరిగి నేలలో కలిసిపోయి ఉండేవి. రాయి ఉన్న చోట తవ్వడు. చెట్టు ఉన్న చోట తవ్వడు. ఏదీ లేకపోతే అక్కడ ఎవరూ లేనట్టే. ఆయనకు ఎవరిమీదా పగ లేదు, చోటు లేదు, అంతే.

ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కేవాళ్లకు కొదవ లేదు. పొద్దున లేస్తే ఊరంతా ఉలి చప్పుడు. మోషే ఒకసారి పోయి రాయి ధర అడిగి వచ్చాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, హన్నమ్మా అడగలేదు. ఇక మిగిలింది చెట్టు.

మొదటి ఏడు చేమంతి పెట్టింది. అది దీపావళి దాటలేదు. తర్వాత పాదిరిగారి భార్య ఇచ్చిన మల్లె అంటు, ఆ తర్వాత హెడ్‌మిస్ట్రెస్ సుగుణమ్మ ఇచ్చిన రోజా కొమ్మ. అన్నీ ఎండిపోయాయి. హన్నమ్మ ఆళ్లగడ్డకు వచ్చేది ఏడాదికి రెండుసార్లు, ఈస్టరు తెల్లారుజామున ఒకసారి, సమాధులకు సున్నం కొట్టే నవంబరు పండుగకు ఒకసారి. మధ్యలో నీళ్లు పొయ్యమని మోషేకు చెప్పేది. పోసినానే అనేవాడు. నిజానికి ఆ మనిషి ఆ కంప దాటి లోపలికి పోయేవాడు కాదు, దోవన బండి తోలుకుపోతూ తల అటు తిప్పుకునేవాడు. ఆమెకు తెలుసు. అడగలేదు.

బోర్డింగు వంటింట్లో ఆమె కింద పనిచేసే మణెమ్మది పాములపాడు. రోజా చచ్చిపోయిన సంగతి విని మణెమ్మ జొన్నపిండి జల్లెడ పడుతూ తేల్చి చెప్పింది.

"ఇచ్చిన కొమ్మ యాడన్నా బతుకుతాదా అక్కా? అడక్కుండా తెచ్చిందే నాటుకుంటాది. మా ఇంటికాడ కరేపాకు, మునగ, అన్నీ అట్ల తెచ్చినవే."

"నోరు ముయ్యి. దేవుని కూడు తింటా దొంగమాటలు మాట్లాడతాండావ్."

"నేను చెప్పేది చెప్పినా. నీ మూడూ ఇచ్చినవే కదా?"

చేమంతిని ఆమె కొన్నది. మిగతా రెండూ ఇచ్చినవే. హన్నమ్మ పిండి చాలలేదని మణెమ్మను తిట్టింది.

యాభై ఆరు ఈస్టరుకు ఓబులేసు పార కింద పెట్టి, తల గీరుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ చివర కంప తగిలింది. వచ్చే ఈస్టరు దాటినాక మళ్లా ఈ వరసకే రావాల. రాయన్నా చెట్టన్నా ఉంటే సరే. లేకుంటే నాకు గుర్తుండదు. నన్ను తిట్టుకోవద్దు."

దిబ్బ అప్పటికే అరచేతి ఎత్తుకు వచ్చేసింది. హన్నమ్మ సరేనని తల ఊపింది. ఏం సరేనో ఆమెకే తెలియదు.

ఆ దసరా సెలవులకు సుగుణమ్మ పెద్ద తరగతి పిల్లలకు సముద్రం చూపిస్తానని బయలుదేరదీసింది. సముద్రపు ఒడ్డున దొరలు కట్టిన పాత కోట ఒకటి ఉందట, లోపల తోట ఉందట, పిల్లలు పుస్తకంలో చదివిందంతా కళ్లతో చూస్తారట. పిల్లలకు అన్నం వండడానికి హన్నమ్మ కూడా పోవాలి. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, పెద్ద గుండిగ మూటకట్టుకుని రైలెక్కింది. బెజవాడలో బండి మారేటప్పుడు గుండిగ ఎక్కడ పోతుందోనని దాని మీదే కూర్చుంది.

సముద్రం చూసి పిల్లలు కేకలు వేశారు. ఒక పిల్ల ఏడ్చింది కూడా, ఎందుకో. హన్నమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నాలుగడుగులు వేసి, దోసిట్లో నీళ్లు తీసి నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్లుండి ఏం లాభం! పప్పు ఉడకతాదా వీటితో?" అంది. అంతటితో ఆమెకు సముద్రం అయిపోయింది.

కోట కూడా పెద్దగా నచ్చలేదు. గోడలు మందంగా ఉన్నాయి, ఉప్పుగాలికి ఇటుకలు పొడిపొడిగా రాలుతున్నాయి. బురుజు మీద తుప్పు పట్టిన ఫిరంగి ఒకటి సముద్రం వైపు నోరు తెరుచుకుని ఉంది. ఎవరు కట్టారో, ఎవరు ఎవరి మీద గెలిచారో సుగుణమ్మ చెబుతూ ఉంటే పిల్లలు ఫిరంగి ఎక్కి ఊగారు. హన్నమ్మ నీడ వెతుక్కుంటూ వెనక ఉన్న తోటలోకి పోయింది.

తోట మాత్రం తోటే. సరుగుడు చెట్లు గాలికి హోరుమంటున్నాయి. ఇటుకలతో కట్టిన పాత మళ్లు, వాటిలో రంగురంగుల ఆకుల మొక్కలు, మధ్యలో బావి. ముసలి తోటమాలి ఒకాయన తొట్టితో నీళ్లు మోస్తున్నాడు. ఒక పిల్ల దూరంగా నిలబడి, తాగేకి నీళ్లున్నాయా అని సిగ్గుతో నోట్లోనే గొణిగితే అంత దూరం నుంచీ విని, "ఇటు రా అమ్మా, ఇవి మంచినీళ్లే" అన్నాడు.

తోట చివర, గోడ వారన, దొరల సమాధులు ఉన్నాయి. పెద్దవాటి మీద పలకలు పరిచి అక్షరాలు చెక్కారు. వాటి పక్కన చిన్నది ఒకటి. హన్నమ్మ దాని దగ్గర ఆగింది. పలక రెండుగా పగిలి ఇసకలోకి దిగబడింది. అక్షరం ఒక్కటి మిగల్లేదు. కొలత చూస్తే మాత్రం తెలుస్తుంది, పసిబిడ్డది. దాని తల దగ్గర ఒక దేవగన్నేరు చెట్టు, సముద్రపు గాలికి నడుము వంగిపోయి, ఒళ్లంతా ఎర్రటి పూలతో ఉంది. తెల్ల దేవగన్నేరు నంద్యాలలో గుడి దగ్గర ఉంది గానీ ఆ గుడి వైపు ఆమె పోదు. ఎర్రది ఎన్నడూ చూడలేదు.

తోటమాలి తొట్టి దించి పక్కకు వచ్చాడు.

"ఎవరో కెప్టెన్ దొర కూతురంటారమ్మా. మా తాతల నాటికే పాతది."

"దీనికి నీళ్లు ఎవరు పోస్తారప్పా?"

"ఎవరూ పొయ్యరండి. పోసినా పొయ్యకపోయినా అది అలాగే ఉంటుంది."

"ఈ చోటు ఎవురూ తవ్వల్యా?"

"చెట్టుంటే ఎవరు తవ్వుతారమ్మా?"

రాయి పోయింది, పేరు పోయింది, కన్నవాళ్లు ఏ దేశంలో కలిసిపోయారో. చెట్టు మాత్రం చోటు పట్టుకుని ఉంది. హన్నమ్మ ఆ వంగిన మాను మీద చెయ్యి పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీకెవరైనా ఉన్నారా అమ్మా?" అన్నాడు ముసలాయన.

"నా బిడ్డ. మా ఊర్లో."

ఆయన చెయ్యి చాచి ఒక కొమ్మ వంచాడు. "విరిచిస్తాను, పట్టుకెళ్లండి."

"వద్దు!"

ఆ కేకకు ఆమే అదిరిపడింది. ముసలాయన కొమ్మ వదిలేశాడు.

"ఇయ్యొద్దప్పా," అంది హన్నమ్మ, గొంతు తగ్గించి. "నువ్వు ఇయ్యొద్దు."

ఆయన ఆమెను కాసేపు చూశాడు. "అలాగే అమ్మా" అని తొట్టి తీసుకుని బావి దగ్గరికి పోయాడు. ఆమె వైపు వీపు పెట్టి గట్టు మీద కూర్చుని, ఇసకతో తొట్టి తోమడం మొదలుపెట్టాడు.

హన్నమ్మ చుట్టూ చూసింది. పిల్లలు ఫిరంగి దగ్గర ఉన్నారు. సుగుణమ్మ గొంతు గోడ అవతల వినబడుతోంది. ఎనిమిదో ఆజ్ఞ ఆమెకు గుర్తు రాకపోలేదు. దాన్ని పక్కన పెట్టి రెండు చేతులతో కొమ్మ పట్టుకుని విరిచింది. ఫెళ్లుమని చప్పుడైంది, తోటంతా వినబడేంత చప్పుడు. తెల్లటి పాలు చీర మీద ధారగా పడ్డాయి. ఆమె బావి వైపు చూసింది. ముసలాయన తల తిప్పలేదు. తొట్టి తోముతూనే ఉన్నాడు.

పాపం, చెవుడు కాబోలు అనుకుంది. ఆ చెవుడుకు మనసులోనే దేవునికి స్తోత్రం చెప్పుకుంది. దొంగతనంలో సాయం చేసినందుకు దేవునికి స్తోత్రం చెప్పినవాళ్లు మన జిల్లాలో ఇంకెవరూ ఉండరు.

ఆకులు, పూలు గిల్లేసి, కొమ్మను దుప్పటిలో మూటకట్టి గుండిగ మీద పెట్టింది. తిరుగు రైలులో సుగుణమ్మ ముక్కు ఎగబీల్చి చూసింది.

"హన్నమ్మా, ఆ మూటలో నుంచి ఏందో కారతాంది. ఏందది?"

"కట్టె టీచరమ్మా."

"కట్టెనా?"

"పొయ్యిలోకి. ఆడ ఊరికే పడింటే..."

"సముద్రం కాడి నుంచి నంద్యాలకు పొయ్యిలోకి కట్టె తెస్తాండావా!"

పెట్టెలో పిల్లలంతా పడీపడీ నవ్వారు. ఎనిమిదోది పోయింది, దాని వెనకే అబద్ధమాడొద్దన్న తొమ్మిదోదీ పోయింది. హన్నమ్మ కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అయితే ఆ అబద్ధం ఆమెను ఊరికే వదల్లేదు. బోర్డింగు చేరగానే సుగుణమ్మ నవ్వుతూ, "హన్నమ్మ కట్టెను జాగ్రత్తగా పొయ్యికాడ పెట్టండే" అని పిల్లలకు పురమాయించింది. వాళ్లు ఊరేగించుకుపోయి పొయ్యి పక్కన కట్టెల కుప్ప మీద పెట్టారు. ఇక దాన్ని ఎట్లా తీస్తుంది? మట్టిలో గుచ్చితే ఇదేంది కట్టె నాటుతున్నావా అంటారు. నీళ్లలో పెడితే మరీ అన్యాయం. వచ్చిపోయే ప్రతి పిల్లా ఆ కట్టెను చూసి నవ్విపోయేది. అది పొయ్యి సెగకు రోజురోజుకూ ముడతలు పడిపోతూ ఉంటే హన్నమ్మ చూస్తూ అన్నం వార్చేది. దొంగతనం చేసి, అబద్ధం ఆడి, చివరకు తెచ్చింది నిజంగానే కట్టె అయిపోతోంది. దేవుడు సరిగ్గానే కొట్టాడు అనుకుంది.

ఒక ముసురు పట్టిన తెల్లవారుజామున కట్టెలన్నీ చెమ్మగిల్లి పొయ్యి అంటుకోలేదు. మణెమ్మ చేతికి ఎండుగా తగిలిన కట్టె అదొక్కటే. పొయ్యిలో పెట్టబోతే హన్నమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ముట్టొద్దు."

మణెమ్మ కట్టెను చూసింది. ఆమెను చూసింది. కట్టె చివర గడ్డకట్టిన పాలు చూసింది.

"అడిగి తెచ్చినావా అక్కా?"

హన్నమ్మ చెయ్యి వదిలి పొయ్యి ఊదడానికి కూర్చుంది. మణెమ్మ కట్టెను తీసి కుప్ప వెనక గోడవారన నిలబెట్టి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఆ ఇద్దరి మధ్యా దాని ఊసు మళ్లీ రాలేదు.

ఆ రోజుల్లోనే బోర్డింగులో ఇంకో వింత జరిగింది. జామచెట్టు కొమ్మలు పట్టపగలు ఊగినా వంటింట్లో నుంచి ఎవరూ బయటికి రాలేదు. హన్నమ్మ కిటికీకి వీపు పెట్టి కూరలు తరుగుతూ ఉండేది. ఆ ఏడు జామకాయలు చెట్టుమీద పండలేదు.

నవంబరు పండుగకు ఆమె ఆళ్లగడ్డ బస్సు ఎక్కింది. ముందురోజే కొత్త రాష్ట్రం వచ్చింది, బడిలో పిల్లలకు మిఠాయి పంచారు. బస్సుకు కట్టిన కాగితపు జెండాలు ఇంకా ఊడలేదు. ఎవరో రాజధాని హైదరాబాదుకు పోయిందని గొణుగుతున్నారు. హన్నమ్మ ఒళ్లో గుడ్డ చుట్టిన కట్టె పెట్టుకుని కూర్చుంది.

మోషే కంప బయట ఎప్పటిలాగే సున్నపు బొక్కెన పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది ఆమెకు అందించి వెనక్కి పోవడం ఆయన అలవాటు. ఆమె గడ్డపారతో నేల పొడుస్తూ ఉంటే ఈసారి ఆగాడు.

"ఏందే అది? కట్టె నాటుతాండావా?"

ఆమె చెప్పింది. కోట, దొర కూతురు, చెవిటి తోటమాలి, ఫెళ్లుమన్న చప్పుడు, రైలులో అబద్ధం, కట్టెల కుప్ప, అన్నీ. చెబుతూ ఉంటే కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. మోషే వింటూ వింటూ కంప దాటి లోపలికి వచ్చాడు. "నువ్వా? నువ్వు దొంగతనం చేసినావా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. ఎస్తేరు పోయినాక ఆయన నవ్వడం ఆమె చూడలేదు. నవ్వి నవ్వి దిబ్బ పక్కన కూలబడి ఏడ్చాడు. మూడేళ్లుగా ఏడవనిదంతా అప్పుడు ఏడ్చాడు.

"నీళ్లు పొయ్యొద్దు," అంది హన్నమ్మ, కట్టె చుట్టూ మట్టి తొక్కుతూ. "ఆడ ఎవురూ పొయ్యరంట."

"చూసేకి రావచ్చునా?"

"రా. చూడు. ముట్టొద్దు."

ఓబులేసు వచ్చి కట్టెను చూసి పెదవి విరిచాడు. కట్టె గుచ్చితే చెట్టు కాదని, ఈస్టరుకు ఆకు కనబడితేనే లెక్క అని చెప్పి పోయాడు. అందులో తప్పేం లేదు.

అది వంటకట్టెలా ఎండడమే దానికి మేలైంది. పచ్చిగా నాటి నీళ్లు పోసి ఉంటే మొదలు కుళ్లిపోయేది. దేవగన్నేరు సంగతే అంత. ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేది కాదు. దొంగిలించింది కాబట్టే బతికిందని ఆమె లెక్క. మణెమ్మ లెక్కా అదే.

ఈస్టరు తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ అందరితో కలిసి పోయేసరికి మోషే అప్పటికే అక్కడ ఉన్నాడు. లాంతరు ఎత్తి చూపించాడు. కట్టె కొసన రెండు ఆకులు, చిన్నవి, మడత విప్పుతున్నాయి. ఓబులేసు వేలితో తాకి చూశాడు.

"ఆకేసిందే! సరేమ్మా, ఈడ తవ్వను" అని పార భుజాన వేసుకుని పక్క దిబ్బ వైపు పోయాడు. హన్నమ్మకు సంతోషమైంది. నాలుగేళ్లలో మొదటిసారి ఒళ్లంతా తెలిసేటట్టు సంతోషమైంది.

అరవయ్యో సంవత్సరం వచ్చేసరికి చెట్టు ఆమె భుజం దాకా ఎదిగి కొమ్మలు వేసింది. ఆ వరసలో మిగతా దిబ్బలన్నీ కొత్తవి. చెట్టు కింద మాత్రం ఎస్తేరు ఒక్కతే పాతది. ఆ ఏడు నవంబరు పండుగకు మోషే, హన్నమ్మ ఇద్దరూ కలిసి సున్నం కొడుతున్నారు. నాలుగు దిబ్బల అవతల ఒక చిన్నామె ఊరికే కూర్చుని ఉంది. ఆమె ముందు దిబ్బ చాలా చిన్నది, మట్టి ఇంకా పచ్చిగా ఉంది. చాగలమర్రి కోడలు, లింగమ్మ అని ఎవరో చెప్పారు. చాలాసేపు ఎర్రపూల వైపు చూసి చూసి, లేచి వచ్చింది.

"అక్కా, ఒక కొమ్మ ఇస్తావా? నా బిడ్డకాడ పెట్టుకుంటా."

"ఇయ్యను," అంది హన్నమ్మ.

లింగమ్మ ముఖం మాడిపోయింది. మోషే కుంచె కింద పెట్టాడు. "ఏందే, కొమ్మే కదా. ఇయ్యరాదా?"

"నువ్వు ఊరుకో. ఇట్ల రా."

ఆమె సున్నపు చెంబు తీసుకుని, మోషే రెక్క పట్టుకుని కంప దగ్గరికి లాక్కుపోయింది. చెట్టుకు వీపు పెట్టి కూర్చుని, గుప్పెడు మట్టి తీసి చెంబు తోమడం మొదలుపెట్టింది. ఆయనను కూడా దోవ వైపు ముఖం పెట్టించి కూర్చోబెట్టింది. వెనక ఏ అలికిడీ లేదు. పిచ్చిపిల్ల అట్లే నిలబడి ఉన్నట్టుంది. హన్నమ్మ ఇంకాస్త గట్టిగా, చప్పుడయ్యేటట్టు తోమింది.

వెనక ఫెళ్లుమంది.

అదే చప్పుడు. సముద్రపు గాలిలో, సరుగుడు చెట్ల హోరులో కూడా తోటంతా వినబడిన చప్పుడు. హన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. బావి గట్టు, ముసలాయన వీపు, ఆయన తోమిన తొట్టి కళ్లముందు నిలిచాయి. నోట్లో గొణిగిన పిల్ల మాటను తోట అవతల నుంచి విన్న మనిషి ఆయన.

"ఆయప్పకు చెవుడు ల్యా," అంది.

"ఎవరికే?" అని మోషే తల తిప్పబోయాడు.

"తిరగొద్దు. ఆ పిల్ల ఇంకా కొంగులో చుట్టుకోల్యా" అని హన్నమ్మ మళ్లీ చెంబు తోమసాగింది.